సుభద్రమ్మ చెంచా

పెళ్ళి భోజనానికి వెళ్ళినా మా అత్త సుభద్రమ్మ కొంగున ఒక స్టీలు చెంచా ముడేసి ఉండేది. పలాస దగ్గర మా ఊళ్ళో అది చూసి కొత్తవాళ్ళే నవ్వేవారు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతుల సంగతి మిగతా అందరికీ తెలుసు. పిక్క పెంకులోంచి కారే నూనె తగిలి వేళ్ళు నల్లబడతాయి, చర్మం పొరలుగా ఊడిపోతుంది. ఆ వేళ్ళకి ఉప్పూకారం తగిలితే మంట నడినెత్తికెక్కుతుంది. పిక్కలు కాల్చి కొట్టే జీడి బట్టీలో పనికి చేరిన ఏడాది నుంచీ అత్త చేత్తో ఆవకాయ కలుపుకోలేదు. ఆవకాయంటే ఆమెకి ప్రాణం.

నాకు ఉద్యోగం లేదు, పుస్తకాలున్నాయి. దుఃఖం నుంచి బయటపడటమే మనిషి బతుక్కి పరమార్థమని ఒకదాంట్లో చదివి ఆమెకి వినిపించాను.

"మంచిమాటే సెప్పాడు. అయితే ముందు నా సేతులు మండకూడదు. రేపు తొడుగులు అడుగుతాను," అంది.

"జగన్నాధం ఇస్తాడేటి? పనిలోంచి తీసేస్తాడత్తా. అప్పుడేటి తింతావు?"

"ఆవకాయే తింతాను. సెంచాతో."

మర్నాడు అత్త, పక్కింటి ఈశ్వరి తొడుగులిస్తేనే పనని బట్టీ గుమ్మంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. యజమాని జగన్నాధం కస్సుమన్నాడు.

"తొడుగులేసుకుంటే పప్పు బద్దలైపోతాది. రేపట్నుంచి రాకండి!"

"అలాగే బాబూ. నువ్వో గంపెడు పిక్కలు కొట్టు. మధ్యాన్నం అందరం కూకుని అన్నం తిందాం, సేత్తోనే," అంది అత్త.

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక్కొక్కరే పిక్కలు వదిలేసి లేచారు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. బయట పప్పు కోసం వచ్చిన లారీ ఎండలో నిలబడి ఉంది. సంగతి తెలిసి, అత్త పని పోయిందనుకుని, ఇంటికి తీసుకుపోదామని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి జగన్నాధం లారీనీ ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"తెప్పిస్తాను. పప్పు పాడైతే మాత్రం పనిలోంచి తీసి పారేస్తాను," అన్నాడు చివరికి.

ఇప్పటికీ అతన్ని మంచివాడనను. ఆ లారీ లేకపోతే ఇచ్చేవాడు కాదు.

మొదట్లో పప్పు నిజంగానే బద్దలైంది. అత్త తిట్లు తింది, ఇంటికొచ్చి తొడుగుల్ని తిట్టింది, తెల్లారగానే మళ్ళీ అవే తొడుక్కుంది. మెల్లగా చెయ్యి కుదిరి పప్పు పగలకుండా గుండుగా రావడం మొదలైంది. జగన్నాధం నోరు మూసుకున్నాడు.

వానలు పడేనాటికి ఆమె వేళ్ళకి లేత చర్మం వచ్చింది. ఒక మధ్యాహ్నం కంచంలో వేడన్నం, ఆవకాయ, నూనె వేసుకుని, చెంచా నా వైపు తోసేసింది. కానీ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. కాసేపటికి వేళ్ళు దించి, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మండతన్నాదా?" అని అడిగాను.

"ఒరే, నోరు మండతన్నాదిరా!" అని పకపకా నవ్వింది. "అలా సూస్తావేటి? ఇంకాస్త అన్నం ఎయ్యి."