ఓడ తరఫున అడిగిన ప్రశ్న

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు, రాజమండ్రిలోనే డాక్టరు, మా డాబా మీద కూర్చుని ఎక్కడో జరుగుతున్న వైద్యుల తరగతిని సెల్‌ఫోనులో వింటోంది. చివర్లో పాఠం చెప్పినాయన ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే ఒక్కరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం నన్ను తొంభైల్లోకి, యుద్ధనౌకలో నేనొక్కణ్ణే డాక్టరుగా ఉన్న ఇరుకు గదిలోకి లాక్కుపోయింది.

చుట్టూ ఎంతమంది ఉన్నా నౌకలో డాక్టరు ఒంటరివాడే. చదివిన చదువు పాతబడిందేమోనని అనుమానం వస్తే అడగడానికి పక్కన ఇంకో డాక్టరు ఉండడు. అందుకని లెక్కల టీచరైన మా ఆవిడ, రాజమండ్రిలో ఆదివారాలు జరిగే డాక్టర్ల సమావేశానికి, డాక్టరైన వాళ్లన్నయ్య వెంట వెళ్లి, ముందు వరసలో కూర్చుని టేపురికార్డరు నొక్కేది. ఆ క్యాసెట్లు ఏ రేవులోనో నాకు అందేవి. పాఠం వెనకాల గోదావరి వంతెన మీద రైలు చప్పుడు వినిపిస్తే, తెలిసిన పాఠమైనా మళ్లీ వెనక్కి తిప్పేవాణ్ణి.

ఒకసారి మా వంటవాడికి కడుపులో పుండు తిరగబెట్టింది. ఈసారి తగ్గకపోతే అతన్ని ఓడ దింపేస్తారు. దిగులు వల్ల వస్తుందని నేను చదువుకున్నాను, దిష్టి అని అతను తాయెత్తు కట్టుకున్నాడు, సూక్ష్మజీవి వల్లనని అప్పుడప్పుడే కొత్త మాట వినిపిస్తోంది. నా సందేహం ఇంటికి రాశాను. కొన్ని రేవులు దాటాక క్యాసెట్టు వచ్చింది.

“కడుపులోకి గొట్టం వేసి చూసే వీలు ఓడలో లేదండి. ఉన్న మందులతో మొదలుపెట్టొచ్చాండి?” మా ఆవిడ గొంతు.

“ఏంటమ్మా, ఓడకి డాక్టరు మీరా, మీ ఆయనా?” పాఠం చెప్పే పెద్ద డాక్టరుగారి వేళాకోళానికి హాలంతా నవ్వింది.

“ఆయనేనండి. ఇక్కడ అడగడానికి ఆయనకి నోరు లేదు కదండీ, నాది తెచ్చాను.”

నవ్వులు ఆగాయి. రక్తం పడకపోతే మొదలుపెట్టమని, ఏ మందుతో ఏది కలపాలో పెద్ద డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు.

వంటవాడు కోలుకుని, తన పులుసు తనే జుర్రుకుని, అంతా తాయెత్తు మహిమ అన్నాడు. నేను ఊరుకుంటానా! గట్టిగానే వాదించాను. కానీ పుస్తకంలో అచ్చయిందని పరీక్షించకుండా నమ్మే పాఠం మాత్రం తాయెత్తు కాకపోతే ఏమిటి?

ఇవాళ నడిసముద్రంలోని డాక్టరుకీ వెంటనే జవాబు దొరుకుతుందట. మంచిదే, పాత రోజులే గొప్పవనే రకాన్ని కాను. పోయినవాళ్లు మన మాట వింటారనీ నమ్మను, మా ఆవిడ పోయాక కూడా నమ్మలేదు. అయినా మొన్న ఆ ఫోనులో నిశ్శబ్దం సాగినంతసేపూ, ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకుంటారేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను.