పీఠికగారి రెండు ముక్కలు

సాక్సుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరును అందరూ పీఠికగారు అనే పిలిచేవాళ్లు. సోమవారం మీటింగులో ఆయన నోరు విప్పితే అసలు విషయం ఓ పట్టాన బయటపడేది కాదు మరి. మీటింగును వాడుకోవడంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ముందు అందరికీ కృతజ్ఞతలు, ఆపైన ఫ్యాక్టరీ ఎదిగిన తీరు, మధ్యలో ఓ చమత్కారం. దానికి నవ్వేది ఆయనొక్కడే, అదీ చెప్పడం పూర్తికాకముందే.

ఆయన భార్య అక్కడే రంగుల గదిలో పనిచేసేది. ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ చెడిపోయి నెలలు గడిచాయి, ఆమెను పట్టుకున్న దగ్గు వదల్లేదు. ఆ గది బాగోగులు కూడా పీఠికగారి కిందవే కాబట్టి మీటింగులో అడగాల్సింది ఆయనే. ఆమె గుర్తుచేస్తూనే ఉండేది, ఆయన అడగబోతూనే ఉండేవాడు. మనిషికి గాలి ఎంత అవసరమో వివరిస్తుండగానే మేనేజరు వాచీ చూసుకుని లేచిపోయేవాడు. పునాది గట్టిగా పడిందనీ, ఇక అడగడమే తరువాయనీ ఇంటికొచ్చి చెప్పేవాడు.

ఆ గదిలో గాలి ఇలాగే ఉంటే ఆమె ఉద్యోగం మానుకోవాల్సి వస్తుందని చివరికి డాక్టరు తేల్చేశాడు. దాంతో ఈసారి తిరుగులేని ఉపన్యాసం ఇవ్వాలనుకున్నాడు పీఠికగారు. నాలుగు పాయింట్లు దొరుకుతాయని మీటింగుకు ముందు స్వయంగా రంగుల గదికి వెళ్లాడు. ఇన్ని నెలల్లో ఆయన అక్కడ కాసేపైనా నిలబడింది లేదు. ఉడుకుతున్న తొట్ల నుంచి ఘాటు ఆవిరి లేస్తోంది, పక్క మనిషి కంటికి ఆనడం లేదు. కళ్లలో నీళ్లు, ముక్కులో మంట. పాయింట్ల సంగతి దేవుడెరుగు, బయటపడితే చాలనుకున్నాడు.

మీటింగులో తన వంతు వచ్చింది. కృతజ్ఞతలు చెబుదామని లేచాడు. ఆ ఘాటుకు గొంతు పెగల్లేదు. రెండోసారి ప్రయత్నిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఇక లాభం లేదని బలమంతా కూడదీసుకున్నాడు.

"రంగుల గదిలో ఫ్యాన్ పాడైంది సార్. అక్కడ ఊపిరాడట్లేదు."

మేనేజరు అక్కడికక్కడే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు.

"మధ్యాహ్నానికల్లా బిగించేస్తారు. ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

నిజానికి ఆయన చెప్పనిదల్లా అదొక్కటే. ఇన్నేళ్ల వాగ్ధాటికి కాని పని గొంతు పోతే అయిందని తనను తానే తిట్టుకుంటూ కూలబడ్డాడు. ఈ తెలివికి ఇంకా ముందే మూగబోయి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రం ఆమె కూరగాయలు తరుగుతూ, కొత్త ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరుగుతోందని సంబరంగా చెప్పింది. అంత గట్టివాడైన మేనేజరును ఎలా ఒప్పించారని అడిగింది. ఆయన బొంగురు గొంతుతో ఆ రెండు ముక్కలూ అప్పజెప్పాడు.

"అంతేనా?"

ఆయన తలూపాడు. ఆమె నవ్వబోయింది, అంతలో దగ్గు తెర వచ్చింది. కత్తి కింద పెట్టి, గోడ పట్టుకుని చాలాసేపు దగ్గింది. నీళ్ల గ్లాసు అందిస్తూ ఆయన ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.