మారు వడ్డన వెతుక్కుంటూ రాయదుర్గం దాకా

మా ఊరివాళ్ళకు భోజనం చేయడం రాదని మా మామగారు అన్నారు. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది. తిట్టినట్టు ఏమీ అనలేదు, ఎంతో మర్యాదగా అన్నారు. "ఇక్కడివాళ్ళు కడుపు నింపుకుంటారండి అల్లుడుగారూ. తినడం వేరండి, ఆయ్." మేం తాతల కాలం నుంచి చందానగర్ వాళ్ళం. ఈ అద్దాల భవనాలు లేవకముందు ఇక్కడి బండరాళ్ళ మధ్య మా నాన్న మేకలు మేపాడు. అలాంటి నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మా మామగారు సూర్యారావు గారు కాకినాడలో ముప్పయ్యేళ్ళు భోజన హోటల్ నడిపారు. పోయినేడాది ఆ భవనాన్ని దాని యజమాని అమ్మేయడంతో హోటల్ మూతపడింది. అప్పటి నుంచి ఆయన గరిటె ముట్టుకోలేదు. మా ఇంటికి వచ్చినా అంతే, పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్లను చూస్తుంటారు. చందానగర్ మార్కెట్ రోడ్డులో మాకొక మడిగ ఉంది. దుకాణం గదిని మేం మడిగ అంటాం. అది ఈమధ్యే ఖాళీ అయింది. నాన్న అందులో హోటల్ పెడితే మళ్ళీ మనిషవుతాడని నా భార్య శిరీష ఆశ. తినడం రాని ఊళ్ళో హోటల్ ఎందుకని ఆయన పట్టుదల. ఈలోగా సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకాయన ఆ మడిగ తనకే కిరాయికి కావాలని తిరుగుతున్నాడు. గురువారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్తానని ఆయనకు మాటిచ్చాను.

"నాన్న కాదంటే మళ్ళీ అడగను. కానీ ఆయన్ని ఆ కిటికీ దగ్గర చూడలేకపోతున్నా" అంది శిరీష. అందుకే గురువారం సెలవు పెట్టాను. ఒక్కరోజు నాతో తిరిగి తినమని, సాయంత్రం ఆయన ఏం చెప్తే అదే చేస్తానని మామగారిని ఒప్పించాను. హైటెక్ సిటీ చుట్టుపక్కల కోస్తా రుచులు ఎక్కడెక్కడ దొరుకుతాయో ఆఫీసులో అందరినీ అడిగి పెట్టుకున్నాను. కాకినాడ మనిషికి కాకినాడ తిండే పెట్టి నోరు మూయించాలని నా పథకం.

పొద్దున్న ఎనిమిదింటికి మార్కెట్ దగ్గర టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు ఉప్మాతో మొదలుపెట్టాం. ప్లేటు ఎనభై రూపాయలు. మీరు వెళ్ళేట్టయితే తొమ్మిదిలోపే వెళ్ళండి, తర్వాత నిలబడటానికి కూడా చోటుండదు. నడిపేవాళ్ళు రాజమండ్రి వైపు వాళ్ళు, అల్లం పచ్చట్లో బెల్లం సరిగ్గా పడింది. అట్టు అంచు కరకరలాడుతోంది. నేను ఆయన మొహం వైపే చూస్తూ నా అట్టు చల్లార్చుకున్నాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "పర్వాలేదండి" అన్నారు. పెళ్ళికి ముందు నన్ను మొదటిసారి చూసి వెళ్ళాక కూడా ఆయన అదే మాట అన్నారని శిరీష చెప్పింది. కాబట్టి ఆశ వదులుకోలేదు.

చందానగర్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాం. టికెట్ ఒక చాయ్ ఖరీదు లేదు. రోడ్డు మీద ట్రాఫిక్‌లో చచ్చిపోకుండా ఇటు రావాలంటే ఇంతకంటే మంచి దారి లేదు, కాకపోతే రైళ్ళు తక్కువ కాబట్టి సమయాలు ముందే చూసుకోవాలి. అక్కడి నుంచి రాయదుర్గానికి ఆటో నూట ఇరవై అడిగాడు, నూటికి ఒప్పుకున్నాడు. దారిలో చెరువు వైపు వెళ్ళే రోడ్డు, మెట్రో స్తంభాలు, నేను పనిచేసే టవర్, అన్నీ ఒక్కొక్కటే చూపించాను. ఇరవై ఏళ్ళలో రాళ్ళగుట్ట మీద ఇంత ఊరు లేచిందంటే మాటలా? మామగారు అన్నీ విని ఆటో డ్రైవర్ వైపు వంగారు.

"మీరు మధ్యాహ్నం ఎక్కడ భోంచేస్తారండి బాబూ?"

"టైం దొరికితే తింట సార్. లేకుంటే చాయ్ తాగుత, ఇగ నడుస్తది."

మామగారు వెనక్కి ఆనుకుని నా వైపు చూశారు.  ఆ చూపుకు నాకు మండింది.

భోజనానికి ఓ పెద్ద భవనంలో నాలుగో అంతస్తులో ఉన్న కోస్తా హోటల్‌లో ముందే బల్ల చెప్పి ఉంచాను. ఇద్దరికీ కలిపి పద్నాలుగు వందలైంది. ఖరీదే, కానీ అబద్ధం చెప్పను, వంట గొప్పగా ఉంది. వంజరం చేప పులుసు, రొయ్యల వేపుడు, కంద బచ్చలి కూర, ముక్కల పులుసు. పెద్ద వంటమనిషిది అమలాపురమట. కూర్చున్న వెంటనే తెచ్చారు, ఏసీ చల్లగా ఉంది, గోడల మీద కొబ్బరిచెట్ల బొమ్మలు. వడ్డించిన కుర్రాడు ఒక్కో చిన్న గిన్నెనూ ఆకులాంటి పళ్ళెంలో వరసగా పేర్చి "ఎంజాయ్ సార్" అని వెళ్ళిపోయాడు. బిల్లు తెచ్చేదాకా మళ్ళీ కనిపించలేదు.

మామగారు నాలుగు ముద్దలు తిని ఆగిపోయారు. గిన్నెలు సగం సగం అలాగే ఉన్నాయి. 

"బాలేదా మామయ్యగారూ?"

"పులుసు చాలా బావుందండి. నేను చేసినా అలాగే చేస్తానండి" అన్నారు. ఆ తర్వాత గిన్నెల వైపు చూస్తూ, "కానీ ఎవరూ మారు అడగలేదండి" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. కాకినాడలో వంటవాళ్ళు ముగ్గురున్నా, వడ్డించేవాళ్ళు ఐదుగురున్నా, మధ్యాహ్నం మాత్రం ఈయనే పప్పు గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరిగేవారట. ఇంకొంచెం వేయమంటారా అని ప్రతి మనిషినీ అడిగేవారట. మొహమాటపడేవాళ్ళకు అడక్కుండానే వేసేవారట. "వంట ఎవరైనా చేస్తారండి. నా పని అదేనండి. ఈ ఊళ్ళో ఆ పని ఎవరికీ అక్కర్లేదండి" అన్నారు.  అంతవరకూ ఆయనది గర్వం అనుకున్నాను. ఆయన భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. నాకు బాధేసింది. సెల్‌ఫోన్ల వ్యాపారికి ఏ మాటల్లో సరేననాలో ఆలోచిస్తూ లిఫ్ట్ దిగాను.

కిందికి వచ్చాక ఆటో కోసం మా ఆఫీసు వెనక సందులోంచి నడిచాం. ఆ సందులో యాదమ్మక్క భోజనాల బండి ఉంటుంది. సెలవు లేని రోజుల్లో నేను తినేది అక్కడే. మామగారికి చూపించాలని నాకసలు తోచనే లేదు. మా ఇంట్లో రోజూ వండుకునే తిండిని చుట్టానికి బయట కొనిపెట్టడం ఏమిటనుకున్నాను. తల వంచుకుని దాటిపోబోతుంటే వెనక నుంచి కేక పడింది.

"ఏంది తమ్మీ, చూడనట్టే పోతున్నవ్? ఇయ్యాల బువ్వ తినవా?"

"లీవుల ఉన్న అక్కా. ఈయన మా మామ, కాకినాడ నుంచి వచ్చిండు. ఇప్పుడే తినొచ్చినం."

యాదమ్మక్క మామగారిని కింది నుంచి పైదాకా చూసింది. "తిన్నోళ్ళ మొకాలు గిట్లుంటయా? కూసో అన్నా."

ఆయన వద్దనేలోపే ప్లాస్టిక్ స్టూలు జరిగింది, చేతిలోకి స్టీలు పళ్ళెం వచ్చింది. పెనం మీది నుంచి జొన్నరొట్టె, తోటకూర పప్పు, పక్కన ఎల్లిపాయ కారం. రొట్టె అయ్యాక ఇంత అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, పైన నువ్వుల పొడి. మామగారు ఒక ముద్ద తిని ఆగారు.

"ఇందులో బెల్లం వెయ్యరా అమ్మా?"

"పులుసుల బెల్లమేంది అన్నా? నేను పాయసం చేస్తున్ననా?"

ఏడాదిగా ఆయన నవ్వు వినలేదని శిరీష చెప్తుండేది. నేను ఆ సందులో విన్నాను. నవ్వుతూనే పళ్ళెం ఖాళీ చేశారు. యాదమ్మక్క గిన్నె పట్టుకుని వచ్చి "జర ఎయ్యనా?" అంది. వద్దు వద్దంటూ ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "చెయ్యి తీస్తవా, చేతి మీద పొయ్యమంటవా?" అంది. తీశారు. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి ఆయనే పళ్ళెం ముందుకు జరిపారు. ఆ క్షణం నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. మాకు తినడం రాదా?

రెండు దాటాక అవతలి టవర్ వాళ్ళంతా ఒకేసారి దిగారు. మెడల్లో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు ఫోన్ల మీద. యాదమ్మక్క బోరబండ నుంచి పొద్దున్నే గిన్నెలు ఆటోలో వేసుకుని ఒక్కతే వస్తుంది. రొట్టెలు కాల్చాలా, పళ్ళేలు పెట్టాలా అని ఆమె పరేషాన్ అవుతోంది. మామగారు చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నారు. "ఆ పప్పు గిన్నె ఇలా ఇవ్వమ్మా" అన్నారు.

ఇక చూడాలి. మనుషులను తప్పించుకుంటూ, ఒక్క చుక్క కింద పడకుండా, ఆ ఇరుకు సందులో ఆయన తిరిగారు. "ఇంకొంచెం వేయమంటారాండి? పప్పు వేడిగా ఉందండి" అంటూ ఒక్కొక్కరి దగ్గరా ఆగారు. మొదట అందరూ తికమకపడ్డారు. ఒకమ్మాయి ఫోన్ నుంచి తల ఎత్తకుండానే చాలన్నట్టు చెయ్యి ఊపింది.

"అలాగంటే ఎలాగమ్మా? ఆఖరి ముద్దలో పప్పు ఉండొద్దా?"

ఆ అమ్మాయి తలెత్తింది. ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకుంది, పళ్ళెం ముందుకు చాచింది. నిలబడి తింటున్నది కాస్తా గట్టు మీద కూర్చుంది. పచ్చిపులుసు దగ్గరికి వచ్చేసరికి ఆమే పిలిచింది, "అంకుల్, ఇటు కూడా!" అని. ఆ తర్వాత నలుమూలల నుంచీ అదే పిలుపు. మామగారు గిన్నె పట్టుకుని సందు చివరి నుంచి నా వైపు చూశారు. నాకు కళ్ళు చెమర్చాయి. నాకిక ఏ హోటల్ పేరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

పళ్ళెం ఎనభై రూపాయలు. రొట్టె ఇంకొకటి కావాలంటే పదిహేను, పప్పూ పచ్చిపులుసూ ఎన్నిసార్లయినా ఉచితం. నేను జేబులోంచి డబ్బు తీశాను కానీ మామగారి పళ్ళానికి యాదమ్మక్క తీసుకోలేదు. "పని చేసినోళ్ళ దగ్గర పైసలేంది తమ్మీ?" అంది.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. హఫీజ్‌పేట దాటింది.  చందానగర్ స్టేషన్ వస్తుండగా లేచి నిలబడి, పైనున్న పట్టీ పట్టుకుని అడిగారు.

"మీ మడిగలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయండి అల్లుడుగారూ?"

ప్లాట్‌ఫారం మీద దిగగానే సెల్‌ఫోన్ల వ్యాపారికి ఫోన్ చేసి మడిగ లేదని చెప్పాను. ఆ తర్వాత శిరీషకు చేశాను. ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడా మడిగలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా భోజనం దొరుకుతుంది. కంద బచ్చలి, ముక్కల పులుసు, రోజు విడిచి రోజు చేపల పులుసు. పచ్చిపులుసు మాత్రం రెండు గిన్నెల్లో ఉంటుంది, బెల్లం వేసినది ఒకటి, వెయ్యనిది ఒకటి. ఏది ముందు ఖాళీ అయిందో అడిగి రోజూ సాయంత్రం మామా అల్లుళ్ళం పోట్లాడుకుంటాం. కోస్తా ఊళ్ళకు తిండి పేరు ఉంది, కాదనను. మా ఊరికి ఆ పేరు ఇంకా రాలేదు, అంతే. నలుమూలల నుంచి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి పెట్టే ఊరు ఇది. పెట్టడానికి వచ్చినవాళ్ళకు చోటిచ్చే ఊరు కూడా. మొదటిరోజు నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. చివరి మనిషి వెళ్ళిపోయాక ఆయన ఒక్కరే పళ్ళెం పెట్టుకుని కూర్చున్నారు. ముప్పయ్యేళ్ళుగా అందరి తర్వాత తిన్న మనిషిని మారు ఎవరడిగి ఉంటారు? జన్మలో ఎవరికీ వడ్డించి ఎరగనివాణ్ణి, పప్పు గిన్నె తీసుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. "జర ఎయ్యనా మామా?" అన్నాను. ఆయన తలెత్తి చూశారు. చెయ్యి అడ్డం పెట్టలేదు.

మీరూ ఇటు రావాలనుకుంటే ఒక్క సలహా. రాయదుర్గం సందుల్లో బండ్లు శని, ఆదివారాలు ఉండవు, మిగతా రోజుల్లో రండి. బండి దగ్గరైనా, మా మడిగలోనైనా, మొదటిసారి సగమే పెట్టించుకోండి. మళ్ళీ అడుగుతారు.