టర్బో కారుకు రెండు పంపులు

నా కారు మూడోసారి ఆగింది గువ్వలచెరువు ఘాటులో, కొండెక్కే దారిలో. అప్పుడు నా భార్య పట్టుచీరలో ఉంది. రాయచోటిలో వాళ్ళ చిన్నమ్మ కూతురి పెళ్ళి, ముహూర్తానికి గంట కూడా లేదు. ఆమె దిగి, కడప వైపు నుంచి వస్తున్న నాపరాళ్ళ లారీని చెయ్యెత్తి ఆపింది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"ఇంకొక్కసారి ఇది దారిలో ఆగిందంటే అమ్మేస్తానని నా మీద ఒట్టు వెయ్యి."

వేశాను. లారీ డ్రైవరు సాక్షి.

ఆ కారంటే నాకు ప్రాణం. నేను కర్నూల్లో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. బెంగుళూరులో ఎవరో ఆసామి మామూలు పెట్రోలు కారుకు టర్బో బిగించుకుని, మోజు తీరాక అమ్ముతుంటే ఎగబడి కొన్నాను. టర్బో అంటే ఇంజినులోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. గాలి ఎక్కువ పోతే దానికి తగ్గ పెట్రోలూ పోవాలి కదా. అది పోయేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చాలు, ముందు దగ్గు, తర్వాత నిశ్శబ్దం.

"ట్యాంకు నిండా పోయించుకుంటే ఏం పోయె?" అని నా భార్య మొదట్లోనే అడిగింది. నేను పావు ట్యాంకు మించి ఎప్పుడూ పోయించేవాణ్ణి కాదు. బరువు పెరిగితే వేగం తగ్గుతుందని కాగితం మీద సూత్రం రాసి చూపించాను. ఆమె కాగితం చూడలేదు, నా పొట్ట వైపు చూసింది. "అది దించుకో ముందు" అంది.

ఒట్టు పడ్డాక నిద్ర పట్టలేదు. రోజూ కాలేజీ అయ్యాక ఇంటర్నెట్ సెంటర్లో కూచుని, టర్బో కార్లున్న పరదేశస్థుల పోట్లాటలన్నీ చదివాను. తేలిందేమిటంటే దారులు మూడు. ట్యాంకులో పెట్రోలు తోడే పంపు తీసేసి పెద్దది పెట్టడం ఒకటి. ట్యాంకులోనే రెండు పంపులు పక్కపక్కన పెట్టి, టర్బో ఊదినప్పుడే రెండోది తిరిగేట్టు చేయడం మరొకటి. మూడోదాంట్లో, ట్యాంకులోని పంపు పెట్రోలు తోడి వెనక డిక్కీలో ఒక చిన్న డబ్బాలో పోస్తుంది, రెండో పంపు ఆ డబ్బాలోంచి ఇంజినుకు తోస్తుంది. ఈ మూడోది నాకు మరీ చాదస్తంగా కనిపించింది. రెండోదే ఖాయం చేసుకుని, పంపు తెప్పించుకుని, కడపలో నాకు తెలిసిన కార్ల మేస్త్రీ షెడ్డుకు పోయాను.

నాతో మా మామ కూడా వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు, నాకు పిల్లనిచ్చినవాడు. కడప పక్కన పల్లెలో సేద్యం. చేన్లో ఏడు బోర్లు వేయించాడు, నీళ్ళు పడింది ఒక్కదాంట్లో. ఆ ఒక్క బోరు మీద చీనీ చెట్లను, అంటే బత్తాయి తోటను, ఏళ్ళ తరబడి బతికించుకున్నాడు. వరసగా కరువులొచ్చి అంతకుముందు ఎండాకాలం అదీ ఎండిపోయింది. చెట్లు కొట్టించాడు. అప్పటినుంచి ఎవరు యాడికి పిలిచినా వచ్చేవాడు, ఇంట్లో కూచోలేక.

నేను మేస్త్రీకి నా ఏర్పాటంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మామ బీడీ పారేసి అడిగాడు.

"ఒక బోర్లో రెండు మోటార్లు దింపుతావా అప్పా?"

"బోరు కాదు మామా, ట్యాంకు."

"ఏదైతేనేం. కారు యాడ ఆగింది?"

"ఘాటులో, మలుపులో."

"పెట్రోలు ఎంతుండె?"

"పావు."

"మలుపు తిరిగితే ఆ కాస్తా ఒక పక్కకు పోతాది. మోటారు గాలి పీలుస్తాది. రెండు పెడితే రెండూ గాలే పీలుస్తాయి. నాలుగు పెట్టు, నాలుగూ గాలే."

మేస్త్రీ తల ఊపాడు. నాకు ఒళ్ళు మండింది. పది రోజుల చదువు, ఇద్దరూ కలిసి పది మాటల్లో తేల్చేశారు.

"మరి ఏం చేయాలంటావు?" అన్నాను, కాస్త వెటకారంగానే.

"నేనేం జేస్తి? బోర్లో ఒక మోటారు పెట్టి తొట్లోకి తోడుకుంటి. తొట్టి కాడ ఇంకో మోటారు పెట్టి చెట్లకు తోస్తి. బోరు ఆగి ఆగి పోసినా తొట్లో ఎప్పుడూ నీళ్ళుండె. చెట్లకు ఆ సంగతే తెలీదు."

అదే మూడో దారి. నేను చాదస్తమని కొట్టేసిందే. ఆయన ఇంటర్నెట్ మొహం కూడా చూసినవాడు కాదు.

మేస్త్రీ రెండు రోజుల్లో డిక్కీలో డబ్బా బిగించాడు. ట్యాంకులో పంపుకు మాత్రం వేరే స్విచ్చు పెట్టి, నా పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు కింద అమర్చాడు. "బండి నడిచేంతసేపూ ఇది ఆన్‌లోనే ఉండాల సార్. మరిచిపోవద్దు" అన్నాడు. నేను మరిచిపోతానా?

పరీక్షకు నా భార్య అదే ఘాటును ఎంచుకుంది. రాయచోటిలో చిన్నమ్మను చూసొద్దామంది. ముందు సీట్లో మామ, వెనక ఆమె. పావు ట్యాంకే. కావాలనే. ఘాటు మొదలయ్యాక తొక్కాను. కారు దగ్గలేదు. మలుపు మీద మలుపు, పోయిన నెల ఆగిన చోటు కూడా దాటిపోయింది. అద్దంలో చూస్తే మా ఆవిడ ముందు సీటును రెండు చేతులా పట్టుకుని ఉంది. అంత సంతోషం నాకు పెళ్ళిరోజు కూడా కలగలేదు, ఆమెకు చెప్పలేదు గానీ.

పైకెక్కాక టీ కొట్టు దగ్గర ఆపాను. టర్బో బండి ఎక్కి రాగానే ఇంజిను కట్టేయకూడదు, కాసేపు ఊరికే తిరగనివ్వాలి. అలాగే వదిలి, దిగి టీలు చెప్పి, టీ కొట్టాయనకు కూడా రెండు పంపుల గురించి వివరించాను. ఆయన వినలేదు. మామ కారులోనే కూచుని టీ తాగాడు.

మళ్ళీ బయల్దేరి పది, పన్నెండు మైళ్ళు పోయుంటాం. చదును రోడ్డు, మలుపు లేదు, ఎత్తు లేదు. కారు దగ్గింది. ఆగింది.

నేను దిగి బానెట్ ఎత్తాను. అక్కడ చూడాల్సిందేమీ లేదని తెలుసు, ఆమె మొహం చూడలేక ఎత్తాను. ఎవరికి అమ్మాలా అని కూడా ఆలోచించేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గెందుకు.

కాసేపటికి లోపల్నుంచి టిక్కుమని చప్పుడు, తర్వాత సన్నగా పంపు రొద.

"ఇప్పుడు తిప్పప్పా" అన్నాడు మామ, రోడ్డు వైపు చూస్తూ. "కరెంటొచ్చింది."

తాళం తిప్పాను. రెండో తిప్పుకు కారు లేచింది. డబ్బాలో ఉన్న పెట్రోలుతోనే ఇంతదూరం వచ్చామని అప్పుడు తట్టింది.

"స్విచ్చు నువ్వు ఆపినావా మామా?"

"టీ కాడ ఆపితి. తొట్టి నిండింటాది గదా. నిండినాంక మోటారు ఊరికే తిరుగుతా ఉంటే చూస్తా కూచోమంటావా? కాలిపోదూ?" అన్నాడు. ఆయన కుడిచెయ్యి ఇంకా ఆ స్విచ్చు మీదే ఉంది. ఇరవై ఏళ్ళు పొద్దునా సాయంత్రం మోటారు వేసి, ఆపిన చెయ్యి అది. ఏడాదిగా దానికి పని లేదు.

నా భార్య వెనకనుంచి ఆ చేతిని చూస్తూనే ఉంది. నేను ఒట్టు సంగతి ఎత్తబోయాను.

"కారు ఆగలే" అంది. "మా నాయన ఆపినాడు. పోనీ."

తర్వాత మేస్త్రీకి ఈ కథ చెబితే నవ్వి, స్విచ్చు పీకేసి తీగను నేరుగా తాళానికే కలిపేస్తానన్నాడు. పది నిమిషాల పని. వద్దన్నాను. మామ కారెక్కిన రోజుల్లో స్విచ్చు ఆయనే వేసేవాడు, ఊరు చేరాక ఆయనే ఆపేవాడు.