ఉస్తా ఇన్షిరాహ్ ఎటు చూసింది

కైరోలోని మా ముహమ్మద్ అలీ వీధిలో, పాత ఇళ్ళ గోడల మీది పెళ్ళి ఫొటోలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ఒక పక్క వధువు, మరో పక్క వరుడు, నడుమ తలపై కొవ్వొత్తుల కిరీటంతో నర్తకి. దంపతులిద్దరి అరచేతులూ ఆమె పొట్ట మీద ఉంటాయి. ఇల్లు పిల్లాపాపలతో నిండాలని అలా పెట్టిస్తారు. పరిశోధన కోసం ఆ ఫొటోలు సేకరిస్తూ ఒక సంగతి గమనించాను. చాలావాటిలో నర్తకికి తల లేదు. నర్తకి బొమ్మ గోడ మీద ఉండడం నామోషీ అనుకునే రోజులు వచ్చాక ఇంటివాళ్ళు కత్తెర పట్టారు. పొట్ట జోలికి మాత్రం పోలేకపోయారు. దాన్ని కత్తిరిస్తే అమ్మానాన్నల వేళ్ళు తెగుతాయి.

ఆ తలలేని బొమ్మల్లో సగానికి పైగా ఇన్షిరాహ్‌వే. ఒకప్పుడు మేళానికి పెద్ద కనుక వీధి వీధంతా ఆమెను ఇప్పటికీ ఉస్తా అనే పిలుస్తుంది. తీగవాద్యాలు చేసే దుకాణం పైగదిలో ఉంటుంది. హజ్ చేసి వచ్చాక ఆట మానేసింది. మోకాళ్ళు సహకరించవు. అయినా గ్యాసు బండివాడు సిలిండరు మీద పానాతో కొడుతూ పోతుంటే, టీ వంపుతున్న ఆమె నడుము తనకు తెలియకుండానే ఆ తాళాన్ని అందుకుంటుంది.

"హోటళ్ళలో ఆడేది డబ్బిచ్చి చూసేవాళ్ళ కోసం, పిల్లా. మనది మెట్ల మీది ఆట. పెళ్ళికూతురికి వెలుగు చూపిస్తూ ముందు నడిచే ఆట. మా నబవియ్యా పిన్ని నేర్పేటప్పుడు ఒకటే మాట అనేది. దీపాలు ఎవరికోసమో కళ్ళూ వాళ్ళకోసమే. జనం వైపు చూశావా, అది బేరం. పెళ్ళికూతుర్ని చూశావా, అది దీవెన."

"మీరు అలాగే చూసేవారా?"

"చూశాననే అనుకుంటున్నా. చెప్పేదెవరు? నెత్తిన దీపాలు పెట్టుకుని అద్దంలోకి తొంగి చూడలేం కదా. ఉన్న ఫొటోలన్నీ నేను హజ్ నుంచి వచ్చేలోపే మా అన్న తగలబెట్టాడు. పైగా పుణ్యం చేశానన్నాడు, వెధవ!" నవ్వి, గ్లాసు కింద పెట్టింది. "ఒక్కటి దొరికితే బాగుండు. రేపు పైలోకంలో పిన్ని ఎదురుపడి అడిగితే ఏదో ఒక జవాబు ఉండాలిగా."

ఆనాటి నుంచి నేను వెతికింది ఆ ముఖం కోసమే. ఏ ఇంటికి వెళ్ళినా కత్తెర నాకంటే ముందే వెళ్ళి ఉండేది. చివరకు వెనక సందులో, హజ్ చేసివచ్చిన ముసలామె హాజ్జా తఫీదా ఇంట్లో, ఆమె పెళ్ళి ఫొటో కనిపించింది. అందులో నర్తకి తలను కత్తిరించలేదు. దాని మీద తఫీదా కొడుకు పాస్‌పోర్టు ఫొటో అంటించి ఉంది.

కబురు చెప్పగానే ఇన్షిరాహ్ గోడ పట్టుకుని మెట్లు దిగి నా వెంట వచ్చింది. పటం ముందు నిలబడింది. కింద చమ్కీల రవిక, పైన మీసాల ముఖం, ఆపైన వెలుగుతున్న కొవ్వొత్తులు.

"నా ఒళ్ళు నీ కొడుక్కి భలే నప్పిందే, తఫీదా!"

"నవ్వకు ఉస్తా. మందుల షాపు పెట్టాక పెద్దమనిషయ్యాడు. ఇది గోడ మీద ఉండకూడదని ఒకటే గోల. చింపితే నన్ను చింపినట్టేనన్నా. అప్పుడు వాడే ఇలా అంటించిపోయాడు." తఫీదా పటం దింపింది కానీ చేతిలోంచి వదల్లేదు. "పీకితే నీ మొహం కూడా ఊడొస్తుందేమో."

"ఊడితే ఊడనీ. ఇప్పుడు మాత్రం ఏం కనిపిస్తోంది?"

ఫొటోను అద్దంలోంచి తీసి, కెటిల్ ముక్కు దగ్గర ఆవిరికి పట్టాం. జిగురు మెత్తబడ్డాక తఫీదా గోటితో అంచు లేపింది. ఇన్షిరాహ్ తల పక్కకు తిప్పుకుంది. పెద్దమనిషి ఊడివచ్చాడు. కింద ముఖం నిలిచే ఉంది. చెంప దగ్గర మాత్రం కొంచెం రంగు పోయింది.

ఆ ఫొటోలో వరుడు కెమెరా వైపు చూస్తున్నాడు. అత్తగారు, దర్బుకా డోలు వాయించేవాడు, మెట్ల మీద కిక్కిరిసిన చుట్టాలు, చివరికి వధువు కూడా అటే చూస్తున్నారు. దీపాల బరువు కింద నిటారుగా నిలిచిన మెడ మీద ఒక్క ముఖం మాత్రం వధువు వైపు తిరిగి ఉంది.

"ఆ రోజు నన్ను చూసింది నువ్వొక్కదానివేనా?" అంది తఫీదా. "మా ఆయన్ని చూడు, అల్లా కరుణించనీ, ఫొటోవాడికేసి ఎలా ఇకిలిస్తున్నాడో!"

ఇన్షిరాహ్ ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఈ చివరి కొవ్వొత్తి ఆరిపోయిందే! నాకెవరూ చెప్పలేదేం? పిన్ని చూసుంటే చెవి మెలేసేది." ఫొటోలోని తన కళ్ళ మీద వేలు పెట్టింది. "దీనికి తిట్టినా, ఈ చూపుకి మాత్రం ఏమీ అనదులే."

తఫీదా ఫొటోను అద్దంలో బిగించి, ఉన్నచోటనే తగిలించింది. కొడుకు బొమ్మ ఇంకా ఆమె వేలికి అంటుకునే ఉంది.

"వీణ్ణేం చేయను?"

"శుక్రవారం భోజనానికి వస్తాడుగా," అంది ఉస్తా. "చేతికిచ్చెయ్."