మణికట్టు ముందే వదిలేస్తున్నారు

మా పైపోర్షన్ సార్ పోయారని పోయిన నెల ఒక ఉదయం ఫోనొచ్చింది. బడికి బయల్దేరుతూ టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాను. ఫోన్‌లో విజయవాడ నుంచి ఆయన కూతురు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళిన మనిషి, ఫంక్షన్ అయిన మర్నాడు నిద్రలోనే పోయారట. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను, ఈలోపు ప్రాక్టీసు మానకండి, మేడ మీద వల వానకు తడవకుండా చూడండి అని నాకు పనులు పురమాయించి మరీ వెళ్ళారు. వచ్చి ఎక్కడ సణుగుతారోనని రోజూ పొద్దున్నే మేడెక్కి ఆ వల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాను నేను. చెప్పిన మాట మీద నిలబడని మనిషి కాదు. ఈ ఒక్కసారే తప్పారు.

ఆయన మా కిరాయిదారు. దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో మా ఇల్లు. కింద మేము, పైన ఆయన. సముద్రం పక్కన ఏదో ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య వైద్యం కోసం హైదరాబాద్ వచ్చి మా పైపోర్షన్ తీసుకున్నారు. ఆవిడ దక్కలేదు. దినాలు అయిపోయాక ఖాళీ చేస్తారనుకున్నాం. చేయలేదు. దానికి బదులు తన పోర్షన్ ముందున్న ఖాళీ మేడ మీద రెండు ఇనుప పైపులు పాతించి, వాటి మధ్య చేపల వల కట్టించారు.

చేపల వల అని ఎందుకంటున్నానంటే అది నిజంగా చేపలు పట్టే వలే. దాని ముందు కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ఒకటి వేసుకుని, తెల్లవారకముందే ఇనుప కర్రతో బంతిని దంచడం మొదలుపెట్టారు. మా పడకగది సరిగ్గా కిందే. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు కొంగు బిగించి మేడెక్కాను.

“ఏంది సార్ గీ లొల్లి? పొద్దుగాల్నే మా నెత్తి మీద గిట్ల దంచితే మేమెట్ల పండుకోవాలె?”

ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. “గోల్ఫ్ అండి టీచరుగారూ. మీరు కాస్త ఎడంగా నిలబడండి, కర్ర తగులుతుంది” అన్నారు. తరువాత నా చేతులకేసి చూసి, “మీ మణికట్లు బాగున్నాయే! ఒకసారి పట్టుకోండి” అని ఆ కర్ర నా చేతిలో పెట్టారు. కొట్లాటకు పోయినదాన్ని కర్ర పట్టుకుని నిలబడ్డాను. అది నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో ముందు వరసలో ఉంటుంది.

మొదటి దెబ్బకు బంతి డోర్‌మ్యాట్ మీదే పొర్లింది. రెండోదానికి కర్ర గాలిని కొట్టింది. ఆయన నోరు తెరిచి నవ్వలేదు. నవ్వి ఉంటే వదిలేసి కిందికి దిగేదాన్ని. “బంతిని లేపాలని చూస్తున్నారు మీరు. లేపక్కర్లేదు. దాని మీదకి దిగండి. అదే లేస్తుంది” అన్నారు. కిందికి కొడితే బంతి పైకి లేస్తుందట! తెలుగు చెప్పే టీచర్నే గానీ, నాకూ ఆ మాత్రం లోకజ్ఞానం ఉందని చెప్పాను. ఆయన వినలేదు.

తప్పు ఎక్కడుందో నాకే తరువాత తట్టింది. నేను అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఊళ్ళో పుట్టినదాన్ని. ఊహ తెలిసినప్పటి నుంచి చేట పట్టుకుని బియ్యం చెరిగినదాన్ని. చెరిగేటప్పుడు చివర్లో మణికట్టు ఒక్క విసురుతో పైకి లేస్తుంది. లేవకపోతే పొట్టు పోదు. ఏది చేతిలో పెట్టినా నా మణికట్లు చివర్లో ఆ విసురు విసురుతాయి. వంటింట్లోంచి చేట తెచ్చి ఆయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చేటనూ నా చేతులనూ మార్చి మార్చి చూసి, “బంతిని చెరుగుతున్నారన్నమాట! ఇది మాన్పించడానికి చాలాకాలం పడుతుందండి” అన్నారు, ఎంతో సంతోషంగా.

ఆయన పాఠం చాలా చిన్నది. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు మణికట్లు మడవాలి, బొటనవేళ్ళు ఆకాశం చూడాలి. కిందికి దిగేటప్పుడు ఆ మడత అట్లాగే దాచుకుని రావాలి. చేతులు తొడ దగ్గరికి వచ్చేదాకా వదలకూడదు. బంతిని తాకే క్షణానికి ఎడమ మణికట్టు పలకలా చదునుగా, బంతి కంటే ముందుండాలి. తరువాత అది తనంతట తానే తిరుగుతుంది, మనం తిప్పకూడదు. ఇంతే. ఈ ఇంతే చెప్పడానికి ఆయన నా ప్రాణం తోడేశారు. “ముందే వదిలేస్తున్నారు.” కర్ర ఎత్తితే చాలు ఇదే మాట. నేను బట్టలు ఆరేస్తుంటే ఇదే మాట, తలుపు గొళ్ళెం తీస్తుంటే ఇదే మాట.

సకల జనుల సమ్మెలో మా బడులు మూతపడ్డాయి. పొద్దున ర్యాలీ, సాయంత్రం ధర్నా, మధ్యలో మేడ. చుట్టుపక్కల మేడల మీద నుంచి జనం చూసేవాళ్ళు, చీర కట్టుకున్న టీచరమ్మ వల ముందు వంగి ఏం చేస్తోందా అని. మా అత్తమ్మ మెట్ల కింద నిలబడి, “ఆ ముసలాయనకంటే పనిలేదు, నీకేమైందే? తెలంగాణ తెస్తనని పోయి కట్టె పట్టుకున్నవ్” అనేది.

ఆయన్ని ఒక్క మాట రాజకీయం మాట్లాడించడం నా తరం కాలేదు. నాకు అదే అన్నిటికంటే విసుగు. వాదించాలని ఎంత ఉబలాటంగా ఉండేదో! నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి నేను ఊపిరి తిప్పుకోకుండా చెబితే, అంతా విని, “మాట్లాడేటప్పుడు గ్రిప్ బిగిస్తున్నారు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోండి” అనేవారు. ఒకరోజు ర్యాలీలో నేను జెండా పట్టుకుని ముందు నడుస్తుంటే టీవీలో చూపించారట. ఇంటికొచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇవాళ తిడతారు, ఎట్టకేలకు వాదన పెట్టుకోవచ్చని నేనూ సిద్ధమయ్యాను. “చూశానండి టీవీలో. జెండా కర్ర పట్టుకున్నప్పుడు కూడా మీ ఎడమ మణికట్టు లోపలికి వంగిపోతోంది” అన్నారు. అంత జనంలో నన్ను వెతికి పట్టుకున్నది దీనికా!

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు ఇంకా ఘోరం. విజయవాడ రోడ్డు మీద బస్సు లేదు, ఆటో లేదు. రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గంజుల్లో బగారన్నం. నేను గంటె పట్టుకుని కలుపుతున్నాను. వెనక నుంచి “భుజంతో కాదండీ, భుజంతో కాదు” అని వినిపించింది. తిరిగి చూస్తే ఈయన! తలకు తెల్ల టోపీ, కాళ్ళకు ఆ ఆట బూట్లు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చారు. నా పక్కనున్నాయన ముఖం మారింది.

“ఎవలు గీయన? మాట జూస్తే ఆంధ్రాయన లెక్కున్నడు.”

నలుగురు తిరిగి చూశారు. నాకు ఏమైనా అంటారేమోనని భయం, అనిపించుకునేలా వచ్చి నిలబడ్డందుకు ఈయన మీద మంట.

“మా పైపోర్షన్ల ఉంటడు. మా ఇంటి మనిషే. జర తిక్క మనిషి, ఏమనకుండ్రి” అన్నాను.

“గట్లనా? అయితే కూసోమను అక్కా, తిని పోతడు” అన్నాడాయన. సార్ రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, విస్తరాకులో బగారన్నం తిన్నారు, మళ్ళీ అడిగి వేయించుకున్నారు. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో మాత్రం అన్నారు: “తిక్క మనిషినా అండి నేను?” అవునన్నాను.

బిల్లు పాసైన రోజు కాలనీ అంతా పటాకులు. మిఠాయి డబ్బా పట్టుకుని పైకి పోవాలా వద్దా అని మెట్ల మధ్యలో ఆగిపోయాను. ఆయనే తలుపు తీశారు. ఒక లడ్డూ తీసుకుని సగం తిన్నారు. “మీరు అనుకున్నది వచ్చింది. సంతోషం టీచరుగారూ” అన్నారు. తరువాత మిగతా సగాన్ని చూస్తూ, “మరి నేను ఉండొచ్చా?” అని అడిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏంది సార్ గట్లంటరు? ఇన్నేండ్లు నా ఇంట్ల ఉండి గిదా మీరడిగే మాట? నేనెప్పుడన్న పొమ్మన్ననా?” అని మెట్ల మీదే అరిచాను. ఆయన మిగతా సగం నోట్లో వేసుకున్నారు. “మీరనలేదండి. మా అమ్మాయి రమ్మంటోంది” అన్నారు. అప్పటిదాకా ఆ మనిషికి ఒక భయం ఉందని నాకు తెలియదు. కూతురు మంచిదే. బాగా చూసుకుంటుంది. అదే ఆయన భయం. “అక్కడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వేళకు టీ ఇస్తారండి. ఇంకేం చేయనివ్వరు” అన్నారు.

కూతురు ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. నాన్నగారూ, ఇప్పుడు రాష్ట్రాలు కూడా వేరయ్యాయి, ఒక్కరే అక్కడెందుకు, వచ్చేయండి అనేది. ఆయన మేడ మీద తిరుగుతూ గట్టిగా మాట్లాడేవారు. కాలనీ అంతటికీ వినిపించేది. “ఎలా వస్తానమ్మా? ఈ టీచరుగారికి ఇంకా రాలేదు. మణికట్టు ముందే వదిలేస్తోంది. మధ్యలో వదిలేసి వస్తే మొత్తం పాడవుతుంది.” నా చేతకానితనాన్ని విజయవాడ దాకా చాటింపు వేస్తున్నారని కుతకుతలాడేదాన్ని.

తరువాత ఒక ఆదివారం, ఎందుకో తెలియదు, నాకు వచ్చింది. ఏమీ ఆలోచించకుండా కర్ర దించాను. మణికట్టు ఆగింది, దానంతట అదే తిరిగింది. చేతికి దెబ్బే తెలియలేదు. బంతి వల మధ్యలోకి పోయి, వల మొత్తం వెనక్కి ఉబ్బింది. చప్పుడే వేరుగా ఉంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే చప్పుడు. ఆయన వైపు తిరిగాను, ఇన్నేళ్ళకు ఒక్క మెచ్చుకోలు మాట కోసం. ఆయన వలను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను మేడ మీద ఒరుగులు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. “లేదమ్మా. ఇంకా రాలేదు ఆవిడకి. చాలా కాలం పట్టేట్టుంది” అంటున్నారు. ఈసారి గట్టిగా కాదు, మెల్లగా. నాకు ముందు ఎక్కడలేని కోపం వచ్చింది. పొద్దున కళ్ళారా చూసి ఈ అబద్ధమేమిటి! అడిగేద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. నాకు వచ్చేసిందంటే ఆయనకు ఇక్కడ పని లేదు. పని లేదంటే విజయవాడ పోవాలి. ఒరుగుల చేట ఎత్తుకుని చప్పుడు చేయకుండా కిందికి దిగాను.

ఆ తరువాత మా ఇద్దరి మధ్య ఆ మాటే రాలేదు. బంతి తిన్నగా పోయి వలను తాకేది. “తప్పు” అనేవారు. “ఔ సార్, తప్పే” అనేదాన్ని. మొండి మనిషి, ఆఖరిదాకా ఒప్పుకోలేదు. నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం నా స్వభావానికి ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

పోర్షన్ ఖాళీ చేయడానికి ఆయన కూతురు మొన్న వచ్చింది. మెట్రో పనులకు రోడ్డంతా తవ్వి ఉంది, వ్యాను కాలనీలోకి రావడానికే పూట పట్టింది. సామాను పెద్దగా లేదు. అంతా దింపాక ఆమె, నేను మేడ ఎక్కాం. వల అట్లాగే ఉంది. ఆమె దాన్ని చేత్తో తడిమి అంది:

“ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఆట రాలేదు కాబట్టి ఉండిపోయానని నాన్నగారు అనేవారు. అంతకాలం రాకుండా ఉంటుందా అండి? మా ఇంటికి రావడం ఇష్టంలేక అలా చెబుతున్నారేమోనని... నేనేమైనా తక్కువ చేశానా అని ఎన్నిసార్లు ఏడ్చానో.”

“ఏం తక్కువ చెయ్యలేదమ్మా నువ్వు” అన్నాను. మాటలతో ఆమెకు సరిపోలేదని ముఖమే చెబుతోంది. గోడకు ఆనించి ఉన్న కర్ర తీసుకున్నాను. బంతి పెట్టాను. కర్ర వెనక్కి ఎత్తాను, మణికట్లు చక్కగా మడిచాను, సగం దిగేసరికి వదిలేశాను. కర్ర డోర్‌మ్యాట్‌ను గీరింది. బంతి పక్కకు పొర్లి, పిట్టగోడ మూలకు పోయి ఆగింది.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో! నిజంగానే రాదా అండీ మీకు!” అంది. నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. తరువాత మూలకు వెళ్ళి బంతిని ఏరి, చున్నీతో తుడిచి, తెచ్చి డోర్‌మ్యాట్ మీద పెట్టి పక్కకు నిలబడింది.

“మళ్ళీ కొట్టండి. ఈసారి ముందే వదలకండి.”

మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ముందే వదిలేశాను.