తేనెమంచు పురుగుల ఫ్లెక్సీ

మా వనపర్తి డిగ్రీ కాలేజీల మైక్రోస్కోపులు రెండు. ఒకటి మంచిది, ఖరాబైతదని బీరువాల పెట్టి తాళమేసిండ్రు. రెండోది ఖరాబైంది కాబట్టి మాకిచ్చిండ్రు. అసుంటి కాలేజీల బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్న నాకు, డిగ్రీ పిల్లలు గూడ పరిశోధన చేయొచ్చని నోటీసు బోర్డు చెప్పింది. మూడు జిల్లాల కాలేజీలకు గద్వాలల పోటీ. గెలిచిన ప్రాజెక్టుల మొదటి పేరున్నోళ్లకు ఎండాకాలమంత హైదరాబాద్‌ల ఒక యూనివర్సిటీ ల్యాబ్‌ల పని, ఉండనీకె హాస్టల్. నాకది కావాలె. తాళం లేని మైక్రోస్కోపు ఎట్లుంటదో చూడాలె.

కొల్లాపూర్‌ల మా మేనత్తోళ్లకు మామిడితోట ఉంది. పూత మీద తేనెమంచు పురుగు పడితే కాత పోతది. ఆ పురుగు చెట్టుల ఏడ ఎక్కువుంటదో చూద్దామని పసుపు అట్టలకు ఆముదం రాసి కొమ్మలకు కట్టిన. ఆదివారమొస్తె బస్సెక్కి పోవుడు, అట్టకు అతుక్కున్న పురుగులను లెక్కవెట్టుడు.

"డిగ్రీ జదివి పురుగులు లెక్కవెడ్తున్నవా బిడ్డా?" అన్నది మా అత్త. "మా అన్నకు ఇగ ఫికర్ లేదు పో."

ప్రాజెక్టుకు గైడ్ మా సార్. తోట మొఖం చూడలేదు. ఆయన బామ్మర్ది కొడుకు మా క్లాసే. వాడు ఒక్కసారి వచ్చిండు. ఉప్పుకారం అద్దుకోని మామిడికాయలు తిన్నడు, నా అట్ట పక్కన నిలబడి సెల్ఫీ దిగిండు, పోయిండు.

పోటీ దగ్గరికొచ్చినంక ఫ్లెక్సీ ప్రింటయి వచ్చింది. నడుమ వాని సెల్ఫీ. మొదటి పేరు వానిదే. నా పేరు అడుగున "సహకారం" అని ఉంది, ఫ్లెక్సీ షాపు ఫోన్ నంబర్‌కన్న చిన్నగ.

"సార్, ఇదేంది సార్?"

"ఉంది గదరా పేరు! వాడు ఇంగ్లీష్‌ల దంచుతడు. నీకొస్తదా? నువ్వు స్టాండ్ పట్టుకో. దాని కాలు ఇరిగింది."

సినిమాల అయితే ఇక్కడ ఉరుముతది. మా కాడ కరెంటు పోయింది, అంతే. ఇంటికిపోయి పగ ఎట్ల తీర్చుకోవాలె అని ఆలోచించిన. ఫ్లెక్సీకి ఆముదం పూద్దామనుకున్న, గని ఆముదం మా అత్తది. ఆఖరికి ఖర్చులేని ఉపాయం దొరికింది. సార్ చెప్పిన మాట వినుడు.

గద్వాలల నేను స్టాండ్ పట్టుకున్న, వాడు బట్టీ పట్టిన ఇంగ్లీష్ గడగడ అప్పజెప్పిండు. జడ్జిగ వచ్చిన యూనివర్సిటీ మేడం మంచిగనే తలూపింది. తర్వాత తెలుగుల అడిగింది: "చెట్టుల ఏ అట్టకు ఎక్కువ పడ్డయి బాబూ? ఎందుకు?"

వాడు ఫ్లెక్సీ చూసిండు. నా మొఖం చూసిండు. నేను ఫ్యాన్ చూసిన. గుబురు కొమ్మల లోపల, ఎండ సొరని కాడ ఎక్కువ పడ్డయి. ఆ పురుగుకు నీడ కావాలె. జవాబు నా నాలుక మీదనే ఉండె.

"జర చెప్పురా," అని గొణిగిండు.

"నేను పనిల ఉన్న రా. వదిలితే ఫ్లెక్సీ పడ్తది."

వాడు ఎనుక నిలబడ్డ సార్ దిక్కు చూసిండు. అందరి ముంగట సార్ అనాలని మరిచిపోయి, "మామా!" అని పిలిచిండు. మేడం ఎనుకకు తిరిగి, "మామ ఎవరు?" అన్నది. హాలంత నవ్విండ్రు. సార్ తన బూట్లను పరిశోధించిండు.

మేడం నా దిక్కు చూసింది. "నీకు తెలుసా బాబూ?"

నేను చెప్తే ప్రాజెక్టు గెలుస్తది. మొదటి పేరు హైదరాబాద్ పోతది. నేను స్టాండ్ మోసుకోని వనపర్తి పోత.

"నేను స్టాండ్ పట్టుకునేటోన్ని మేడం."

"ఇది చేసినోళ్లు రాలేదన్నట్టు," అని రాసుకోని పక్క ఫ్లెక్సీ కాడికి పోయింది. అది నల్లమల తేనె మీద పనిచేసిన నాగర్‌కర్నూల్ పిల్లది. ఆ పిల్ల గెలిచింది, గెలవాలె గూడ. నాకు బాధ కాలేదా అంటే అయింది. ఎండాకాలమంత అయింది. గని సార్ మొఖం యాదికొచ్చినప్పుడల్లా జర తగ్గుతుండె.

మర్లొచ్చేటప్పుడు బస్సుల సార్ ముందటి సీట్ల కూసున్నడు, ఎనుకకు తిరగలే. వాడు నా పక్కన కిటికీ కాడ కూసోని ఏడుస్తుండు. ఊకోమని చెప్పలే. కిటికీ కాడి జాగ అడిగిన, లేచి ఇచ్చిండు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి సల్లగ వచ్చింది. వానికి తాకకుండ జరంత అడ్డం జరిగి కూసున్న.